పిల్లాడు ఖాళీగా కనబడితే ఏం చేయాలి?

ఏప్రిల్ 24న బడులకు తాళం పడుతుంది. మళ్లీ తెరిచేది జూన్ 12న. మధ్యలో ఏడు వారాలు. ఈ ఏడు వారాలూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లక్షల మంది పిల్లలు ఏ పనీ లేకుండా ఇంట్లో పడి ఉండే ప్రమాదం పొంచి ఉందనీ, ప్రభుత్వాలు దీన్ని ఇంతవరకు విపత్తుల జాబితాలో చేర్చనే లేదనీ గుర్తు చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. తుపాను వస్తే రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. వడగాలి వీస్తే ఆరెంజ్ అలర్ట్ అంటారు. ఎనిమిదేళ్ల పిల్లాడు సోఫా మీద వెల్లకిలా పడుకుని తిరిగే ఫ్యాన్‌ను చూస్తూ తనలో తానే నవ్వుకుంటుంటే మాత్రం అడిగే నాథుడు లేడు.

అదృష్టవశాత్తూ, సర్కారు వదిలేసిన ఈ బాధ్యతను హైదరాబాద్ అపార్ట్‌మెంట్లు భుజాన వేసుకున్నాయి. మార్చి నెలాఖరు నుంచే లిఫ్టులో విచారణ మొదలవుతుంది. "మీవాణ్ణి ఈసారి దేంట్లో వేశారండీ?" అని అయిదో అంతస్తావిడ అడుగుతుంది. "ఇంకా దేంట్లోనూ వేయలేదండీ" అన్నామా, లిఫ్టు గ్రౌండ్ ఫ్లోర్‌కి చేరేలోపు మన ఫోన్లో మూడు అకాడమీల కరపత్రాలు, ఒక స్కేటింగ్ మాస్టారి నంబరు, "ఎర్లీ బర్డ్ ఆఫర్ రేపటితో ఆఖరు" అనే హెచ్చరిక వచ్చి పడతాయి. తోటి మనిషి కష్టంలో ఉంటే చూస్తూ ఊరుకోని సమాజం ఇంకా మిగిలే ఉందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

బడి ఉన్న రోజుల్లో మా ఇంటి కుర్రాడు ఏడింటికి లేస్తాడు. సెలవులు గనక ఇప్పుడు అయిదింటికి ముందే లేపుతున్నారు. కారణం శాస్త్రీయమైనదే. ఎండలో బయట తిరగొద్దని వాతావరణ శాఖ చెబుతోంది కదా, కాబట్టి తెల్లారకముందే ఆడించేయాలి. అయిదున్నరకు బ్యాడ్మింటన్, ఎనిమిదింటికి ఈత, మధ్యాహ్నం ఎండవేళ నీడపట్టున చెస్, నాలుగున్నరకు క్రికెట్, ఆ తర్వాత ఒంట్లో ఓపిక మిగిలితే కరాటే. మిగలకపోయినా కరాటేనే, ఎందుకంటే ఫీజు కట్టేశాం. ఒకరోజు వాడు కారు వెనక సీట్లో చెమట తుడుచుకుంటూ, "డాడీ, సెలవులు ఎప్పుడైపోతాయి?" అని అడిగాడు. వాళ్లమ్మ కళ్లు చెమర్చాయి. పిల్లాడికి చదువు మీద ఎంత శ్రద్ధో చూడండని ఆ సాయంత్రమే బంధువులందరికీ ఫోన్ చేసి చెప్పింది.

వీటన్నిటిలో బ్యాడ్మింటన్‌కు మా ఊళ్లో ఉన్న పీఠం వేరు. ఉండకుండా ఎలా ఉంటుంది? పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఆయన దగ్గర ఆట నేర్చిన సైనా 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. సింధు 2016లో రియో నుంచి రజతం, తర్వాత టోక్యో నుంచి కాంస్యం పట్టుకొచ్చింది. ఈ ఒలింపిక్ పతకాలన్నిటికీ చిరునామా, గోపీచంద్ అకాడమీ ఉన్న గచ్చిబౌలి. గచ్చిబౌలికి పది కిలోమీటర్ల దూరంలో ఫ్లాట్ కొనుక్కున్న ప్రతి తండ్రికీ, పతకంలో కొంత వాటా రిజిస్ట్రేషన్‌తోపాటే వచ్చిందన్న నమ్మకం కుదిరింది. చిన్నప్పుడు సింధు మారేడుపల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ వచ్చి వెళ్లిన సంగతి వీళ్లకు కంఠతా వచ్చు. ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆటగాళ్లనీ, తండ్రి రమణకు 2000లో అర్జున అవార్డు వచ్చిందనీ గుర్తు చేస్తే మాత్రం ఆ విషయం అప్రస్తుతం అంటారు. మన వంశంలో ఆఖరిసారి పరుగెత్తినవాడు బస్సు కోసం పరుగెత్తిన మేనమామే అయినా, జన్యువులది ఏముందండీ, మంచి షూ కొనిస్తే అవే సర్దుకుంటాయి.

అకాడమీలో చూడాల్సింది కోర్టును కాదు, గ్యాలరీని. కోర్టులో ఇరవై మంది పిల్లలు రాకెట్ పట్టుకుని, షటిల్ లేకుండా, ఉత్త గాలిని కొడుతూ ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తుంటారు. ఫుట్‌వర్క్ అంటారు. మొదటి రెండు వారాలూ ఇదే. గ్యాలరీలో తండ్రులు చేతులు కట్టుకుని, పెదవి కొరుకుతూ, ఫైనల్ మూడో గేమ్ చూస్తున్న గాంభీర్యంతో కూర్చుంటారు. "ఎల్బో! ఎల్బో!" అని ఒకాయన అరుస్తాడు. ఆయన వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంట్. పక్కాయన ఫోన్లో వీడియో తీసి, నెమ్మదిగా తిప్పి చూసి, మావాడి మణికట్టులో ఏదో ఉందని ప్రకటిస్తాడు. నిజంగానే ఉంది, దోమ కుట్టిన దద్దురు. ఇంతలో కోచ్ వస్తే అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, టోర్నమెంటుకి ఎప్పుడు పంపుదాం?" ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని వెనకటికి వెక్కిరించేవాళ్లు. ఇప్పుడు సోమలింగానికి స్పాన్సర్ కూడా కావాలి.

ఇక ఈకల షటిల్ సంగతి. బాతు రెక్కల ఈకలు పదహారు, బెండు మీద గుచ్చి, మొత్తం బరువు అయిదున్నర గ్రాములు మించకుండా చేస్తారు. నేర్చుకునే పిల్లలకు నైలాన్‌ది చాలునని కోచ్ చెప్పాడు. నాలుగో కోర్టు తల్లి ఒప్పుకోలేదు. "అలవాటయితే కష్టమండీ, అసలుదానితోనే మొదలెడదాం" అని డబ్బాకి డబ్బా కొనేసింది. వాళ్లమ్మాయి తొలి దెబ్బకే అయిదీకలు రాలగొట్టింది. గ్యాలరీలో అందరం చప్పట్లు కొట్టాం, పిల్ల షాట్‌లో పవర్ ఉందని.

ఇదే గోపీచంద్ 2025లో ఒక ఇంటర్వ్యూలో, కలిగిన కుటుంబమైతే తప్ప పిల్లల్ని ఆటల్లోకి దింపొద్దనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. పతకం రానివాళ్ల బతుకు తర్వాత ఏమవుతుందో దగ్గరుండి చూసినవాడు గనక ఆ మాట అని ఉంటాడు. మా గ్యాలరీ మాత్రం దాని మీద లోతుగా చర్చించి వేరే నిర్ణయానికి వచ్చింది: పోటీ పెరిగిపోతోందని ఆయన కంగారుపడుతున్నాడు.

ఈత గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గాగుల్స్ మర్చిపోవడం, టోపీ తలకి ఎక్కకపోవడం, చెవిలో నీళ్లు, చుక్కల మందు, పూల్ నీళ్లకి జుట్టు పీచు కావడం. నలభై అయిదు నిమిషాల స్లాట్‌లో పావుగంట బట్టలకీ, పావుగంట షవర్‌కీ పోగా మిగిలినదాన్ని ఈత అంటున్నారు. ఆ కాసేపూ పిల్లలు నవ్వుతున్నారు. కోచ్ విజిల్ వేసి దాన్ని కూడా ఆపుతున్నాడు.

క్రికెట్‌కి వస్తే, 2025 ఏప్రిల్ 28 రాత్రి దేశంలోని తండ్రులందరికీ తీరని అన్యాయం జరిగింది. ఐపీఎల్‌లో వైభవ్ సూర్యవంశీ అనే పద్నాలుగేళ్ల కుర్రాడు 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు. అప్పటిదాకా మావాడికి ఇంకా టైముందిలే అనుకున్న ఇళ్లలో ఆ రాత్రి దీపాలు ఆర్పలేదు. పదకొండేళ్లవాడికి మిగిలింది మూడేళ్లే! మర్నాడు పొద్దున నెట్స్ దగ్గర కొత్త ముఖాలు. కిట్ బ్యాగ్ నిలువునా పిల్లాడి భుజం దాకా వస్తోంది. దాన్ని వాడు లాగుతున్నాడో, అదే వాణ్ణి లాగుతోందో తెలియడం లేదు.

దీనికి ముందే ఇంకో దెబ్బ తగిలి ఉంది. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టు సెంచరీ కొడితే, స్టాండ్స్‌లో తండ్రి ముత్యాలరెడ్డి కన్నీళ్లు పెట్టుకోవడం దేశమంతా చూసింది. కొడుకు ఆట కోసం ఆయన ఉద్యోగం వదిలేసుకున్న మనిషి. ఆ దృశ్యం చూసి మా రెండో అంతస్తాయన కూడా కదిలిపోయాడు. రాత్రి భోజనాల దగ్గర, తాను కూడా రాజీనామా చేద్దామనుకుంటున్నానని చెప్పాడట. "చేయండి. ఈఎంఐ మీవాడు సిక్స్ కొట్టి కడతాడా?" అని భార్య పెరుగు వడ్డించింది. భారత క్రికెట్ ఆ పూటకి ఒక త్యాగమూర్తిని కోల్పోయింది.

కరాటేలో నెలకో రంగు బెల్టు. ప్రతి రంగుకీ పరీక్ష, ప్రతి పరీక్షకీ ఫీజు. ఫీజు కట్టి తప్పినవాడిని నేనింతవరకు చూడలేదు.

జీహెచ్‌ఎంసీ కూడా ఏటా మైదానాల్లో వేసవి శిక్షణ శిబిరాలు పెడుతుంది. ఫీజు నామమాత్రం. అందుకే మా అపార్ట్‌మెంట్ నుంచి ఎవరూ పోరు. తక్కువ ఖర్చుతో వచ్చిన చెమటకి విలువేముంటుంది? పైగా అక్కడికొచ్చే పిల్లలు నిజంగా ఆడేస్తున్నారట.

వారంలో ఆరు రోజులు ఇలా గడిచాక ఏడో రోజు పిల్లాడు మళ్లీ ఖాళీ అయిపోతాడు. ఆ కంత పూడ్చడానికే ప్రకృతి ఉంది. హైదరాబాద్‌కి దగ్గర్లో వికారాబాద్ అనంతగిరి కొండలున్నాయి. మూసీ పుట్టేది అక్కడే. పుట్టినచోట శుభ్రంగా ఉన్న మూసీని చూపిస్తే పిల్లలు నమ్మరు గనక ఆ విషయం ఎవరూ ఎత్తరు. ఆదివారం పొద్దున అక్కడ ట్రెక్కింగ్ జరుగుతుంది. కొత్త బూట్లు, మడత కర్ర, వీపున నీళ్ల సంచి, దాన్నుంచి నోటిదాకా గొట్టం, కారు డిక్కీలో పులిహోర. గంట నడక, అరగంట ఫొటోలు, చివర్లో నిర్వాహకులు మెడలో వేసే మెడల్. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. ఒక్కో మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి పైదాకా ఎక్కిన మా అమ్మకి ఎవరూ మెడల్ వేయలేదు. దిగాక మోకాళ్లకి జండూబామ్ మాత్రం రాశారు. ఆవిడకి తాను ట్రెక్కర్‌నని ఈరోజుకీ తెలియదు.

పెద్ద ట్రిప్పు మాత్రం అరకు. మే నెలలో జలపాతాలు సన్నబడి ఉంటాయి, చలి ఉండదు, పొగమంచు ఉండదు. అయినా పోవాలి, ఎందుకంటే ఎదురింటివాళ్లు పోయారు. విశాఖ నుంచి పొద్దున్నే కిరండూల్ రైలు. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో టికెట్ల కోసం ఒక తండ్రి పడ్డ పాట్లు వేరే వ్యాసం. ఆ లైను మొత్తమ్మీద యాభైకి పైగా సొరంగాలు. తూర్పు కనుమలను తొలిచి, లోయల మీద వంతెనలు వేసి, 1960లలో కట్టిన లైను అది. మనిషి కష్టానికి దణ్ణం పెట్టాలనిపించే దారి. మొదటి సొరంగం రాగానే పెట్టెలో పిల్లలందరూ ఒక్కసారిగా కేక వేశారు. సంతోషించాం. "డాడీ, సిగ్నల్ పోయింది!" అన్నారు. తర్వాత ప్రతి సొరంగానికీ అదే కేక. ఆ ప్రయాణంలో వాళ్లు భూగోళాన్ని అంత శ్రద్ధగా గమనించింది అప్పుడే.

బొర్రా గుహల బయట ఒక కోతి వచ్చి చిప్స్ పాకెట్ లాక్కుపోయింది. లోపల లక్షల ఏళ్లుగా సున్నపునీరు బొట్టుబొట్టుగా కారి కట్టిన రాతి స్తంభాలు ఉన్నాయి. ఇంటికొచ్చాక అరకులో ఏం చూశావురా అంటే కోతి అన్నాడు. బొంగులో చికెన్ కారంగా ఉందన్నాడు. వాళ్లమ్మ స్టేటస్‌లో అరవై ఫొటోలు పెట్టింది గనక, ఎవరికైనా లోయ ఎలా ఉందో కావాలంటే అక్కడ చూసుకోవచ్చు.

అమ్మమ్మగారి ఊరి విషయం కూడా రాయమంటున్నారు. వెళ్లాలనే ఉంది. "ఎప్పుడొస్తారే? ముంజలు ముదిరిపోతున్నాయి. ఆవకాయ ముక్కలు కొట్టించేటప్పటికైనా రండి" అని ఆవిడ ఫోన్ మీద ఫోన్. "చూస్తానమ్మా, వీడి స్లాట్లు కుదరాలి. క్లాసు పోతే మళ్లీ పెట్టరు" అని కూతురు. మధ్యేమార్గంగా, హైదరాబాద్ శివార్లలో ఒక రిసార్టువాళ్లు పెట్టిన పల్లె అనుభవ శిబిరంలో పిల్లల్ని చేర్చారు. అక్కడ ఎద్దుబండి ఎక్కిస్తారు, బురదలో దూకిస్తారు, కర్రాబిళ్ల ఆడిస్తారు, అది కూడా హెల్మెట్ పెట్టి. ముంజలు తలకి రెండు. అమ్మమ్మ ఇంట్లో ఇవన్నీ ఉచితంగా, లెక్కాపత్రం లేకుండా దొరుకుతాయి. కానీ అక్కడ శిక్షణ పొందిన సిబ్బంది లేరు, సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటూ లేదు. ఈ లోటును అమ్మమ్మలు వెంటనే సరిదిద్దుకోవాలి.

ప్రభుత్వానికి కూడా ఒకటి రెండు మనవులున్నాయి. మే నెలలో తండ్రులకు డ్రైవర్ భత్యం ఇవ్వాలి. అకాడమీ గ్యాలరీలో కూర్చుని చేసే ఆఫీసు మీటింగులను పూర్తి హాజరుగా పరిగణించాలి. మీటింగులో మ్యూట్ తీయడం మరిచి "ఎల్బో!" అని అరిచినవారిపై చర్య తీసుకోరాదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలి, మృగశిర దాకా ఎలాగో నెట్టుకొస్తే, జూన్ 12న బడి తెరుస్తారు. ఆ రోజుతో ఈ క్రీడాయుగం ముగుస్తుంది. ఏడో తరగతి గనక ఐఐటీ ఫౌండేషన్ మొదలు. అయిదున్నర బ్యాచ్ స్థానంలో అయిదున్నరకే ట్యూషన్. బళ్లో వారానికి రెండు గేమ్స్ పీరియడ్లున్నాయి. సిలబస్ అవ్వలేదని వాటిని లెక్కల సారు తీసుకుంటారు. తల్లిదండ్రులెవరూ అభ్యంతరం చెప్పినట్టు దాఖలాలు లేవు. పైగా పేరెంట్స్ మీటింగులో ఆయనకి ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పారు.

ఆ వారమే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రకటనలు మొదలవుతాయి. "క్రికెట్ కిట్, ఒక్క సమ్మర్ వాడినది, ప్యాడ్లు కొత్తవే." "స్కేట్లు, సైజు సర్దుకోవచ్చు." "ఈకల షటిళ్లు మూడు డబ్బాలు, సీలు తీయలేదు." మొన్న మేం మావాడి కిట్ పెట్టిన పావుగంటకే మూడో అంతస్తు నుంచి బేరం వచ్చింది. ఎవరికండీ అని అడిగాను. వాళ్లబ్బాయికేనట, మొన్ననే నాలుగు నిండాయి. "ఇప్పుడే కాదులెండి అన్నయ్యగారూ, కొని అటక మీద పెట్టుకుంటాం. తీరా ఏప్రిల్‌లో వెతికితే రేట్లు మండిపోతాయి" అందావిడ, వంద తగ్గించమని బేరమాడుతూ.