సంతకం పెడితే సూపర్‌విజన్ అయిపోతుందా?

సోషల్ వర్కర్‌గా ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాద్‌లోని బోరబండకి ఒక హోమ్ విజిట్‌కి వెళ్లాను. తొమ్మిదేళ్ల పాప. ఏం అడిగినా తలూపుతుంది, ఒళ్లో ఉన్న స్కూల్ బ్యాగు జిప్పు తీస్తుంది, వేస్తుంది, మళ్లీ తీస్తుంది, నోరు మాత్రం విప్పదు. సాయంత్రం రిపోర్టు రాసి ఇస్తే మా పై ఆవిడ చదివి, తేదీ తప్పు పడిందని దిద్ది, సంతకం పెట్టి పంపేశారు. ఆ తర్వాత చాలా రోజులు పడుకుంటే ఆ జిప్పు చప్పుడే. అన్నం సయించేది కాదు. మా అమ్మ దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేసింది. నాకేదో అయిందని గమనించింది మాత్రం ఆవిడొక్కతే.

ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చదివినన్నాళ్లూ మనకి ఒక అండ ఉంటుంది. ఫీల్డ్ వర్క్‌కి వెళ్తాం, చూసిందంతా రికార్డింగ్‌గా రాస్తాం, ఐసీలో, అంటే ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడే ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్‌లో, మేడమ్ ముందు కూర్చుంటే ఆవిడ వాక్యం వాక్యం పట్టుకుని అడుగుతారు. పట్టా చేతికొచ్చాక, అసలు బరువైన కేసులు ఒంటరిగా మీద పడ్డాక, ఆ ఐసీ ఉండదు. ఒడ్డు పక్కన ఈదినంతసేపూ నడుముకి బెండు కట్టి, నడిబావిలోకి వచ్చాక విప్పేసినట్టు.

నాతో చదివిన ఒకమ్మాయి ఇప్పుడు టెక్సస్‌లో క్లినికల్ లైసెన్సు కోసం గంటలు పూర్తిచేస్తోంది. అక్కడ పీజీ అయ్యాక కూడా కనీసం 24 నెలలపాటు 3000 గంటలు ఒకరి పర్యవేక్షణలో పనిచేయాలి, ఆ కాలంలో 100 గంటలు సూపర్‌వైజర్‌తో కూర్చుని కేసులు మాట్లాడుకోవాలి, పరీక్ష కూడా పాసవ్వాలి. వింటుంటే నాకు ఆశపుట్టింది. కానీ మొన్న వీడియో కాల్‌లో అదే అంది, "మా సూపర్‌వైజర్ ముందు ఏడిస్తే నా గంటల మీద సంతకం పెడుతుందో లేదోనని భయమే". మార్కులు వేసే మనిషే మన గోడు కూడా వినాలంటే ఎవరైనా గోడు దాచుకుంటారు, అందుకే గంటల లెక్క ఒక్కటే చాలదు.

సూపర్‌విజన్‌కి, అంటే సీనియర్ మన పని చూస్తూ కేసులు మాట్లాడే పర్యవేక్షణకి, మూడు పనులుంటాయని సోషల్ వర్క్ ప్రొఫెసర్ ఆల్ఫ్రెడ్ కదూషిన్ ఎప్పుడో చెప్పాడు: పాలన, నేర్పడం, అండగా ఉండడం. మా దగ్గర మొదటిదే మిగిలింది, అదీ తేదీలు దిద్దేవరకే.

మూడోది లేనిచోట సెల్ఫ్ కేర్ అంటూ ఒక పూట వర్క్‌షాప్ పెడతారు. ఊపిరి గట్టిగా తీసుకోండి, యోగా చేయండి, ఫోన్ పక్కన పెట్టండి. ఇవి చెడ్డవని అనను, నేనూ రోజూ పొద్దున్నే నడుస్తాను. కానీ రోజుకి ఇన్ని కేసులు మీద పెట్టి, ఆ బరువు దించుకోవడం నీ సొంత పని అనడం అన్యాయం. అమెరికాలో సోషల్ వర్కర్ల సంఘం ఎన్‌ఏఎస్‌డబ్ల్యూ 2021లో తన నియమావళి సవరించి సెల్ఫ్ కేర్‌ని చేర్చినప్పుడు, దానికి వీలుగా సంస్థలూ కాలేజీలూ పద్ధతులు పెట్టాలని కూడా రాసింది. మనవాళ్లు ఈ రెండో సగం చదవడం లేదు.

బోరబండ కేసుకే వస్తాను. చాలా కాలం తర్వాత వేరే సంస్థలో పనిచేసే ఒక సీనియర్ అక్కకి చాయ్ తాగుతూ ఇదంతా చెప్పాను. ఆవిడ ధైర్యం చెప్పలేదు, ఓదార్చలేదు. ఒక్కటే అడిగింది, "ఆ గదిలో ఇంకెవరున్నారు?" వాళ్ల బాబాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ మాట నా నోటితో నేనే చెబుతుంటే ఒళ్లు చల్లబడింది. పాప ఎందుకు మాట్లాడలేదో అప్పుడు తట్టింది. ఈ ప్రశ్న ఆ రోజు సాయంత్రమే ఎవరైనా అడిగి ఉంటే మర్నాడే స్కూల్‌కి వెళ్లి పాపని విడిగా కలిసేదాన్ని. నేను రెండోసారి వెళ్లేసరికి వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు.

అందుకే సూపర్‌విజన్ అంటే మా మనసు కుదుటపరిచే ఏర్పాటు మాత్రమే అనుకోవద్దు. మేం చూడలేకపోయింది చూసే రెండో జత కళ్లు అది, దాని అవసరం మాకంటే ఆ పిల్లలకే ఎక్కువ.

చట్టంలో దారి లేకపోలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో కూడిన రెండేళ్ల ఎంఫిల్ ఉండాలంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మెడికల్, క్లినికల్ సోషల్ వర్కర్లని కూడా జాబితాలో చేర్చి, రాష్ట్రాల్లో కౌన్సిళ్లు, రిజిస్టర్లు ఉండాలని చెప్పింది. ఆ రిజిస్టర్లో పేరు ఎక్కించేటప్పుడు డిగ్రీ కాగితం ఒక్కటే చూడకుండా, చేరాక మొదటి రెండేళ్లు ఎవరి దగ్గర కూర్చుని కేసులు మాట్లాడారో కూడా అడగాలి.

అప్పటిదాకా ఆగక్కర్లేదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఒకదాని నుంచి ఒకదానికి నడిచి వెళ్లొచ్చు. ఇలా పక్కపక్కనున్న చోట్ల సీనియర్లు ఒకరి జూనియర్లని ఒకరు వింటే సరిపోతుంది. కేసులో పేర్లు బయటికి రాకూడదు, వినే మనిషికి కాంట్రాక్టు రెన్యువల్‌తో సంబంధం ఉండకూడదు, పదిహేను రోజులకి ఒక గంట, అదీ డ్యూటీ టైమ్‌లోనే. భోజనం మానుకునో, ఆఖరి బస్సు వదులుకునో ఇచ్చే గంట కాదు. డ్యూటీ చార్టులో ఆ గంటకి ఒక గడి కేటాయించమనే మేం అడుగుతున్నది.