గుప్తనిధుల గడ్డపార గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గడ్డపార గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే వీలుపడటం లేదు. మీరు కుశలమే. గుళ్లో పీఠమే రెండు ముక్కలై పక్కకు పడి ఉంది.

అమావాస్య రాత్రి, నిమ్మకాయలు, పసుపు కుంకుమ, నల్లకోడి, ముందు నడవడానికి ఒక స్వామి. ఈ సరంజామాతో మీరు మా కోటలెక్కడం కొత్తేమీ కాదు. నంది కనిపిస్తే మూపురంలో వజ్రాలు, గోడ మీద పాము చెక్కి ఉంటే కింద బిందెలు: మీ శాస్త్రం ఇంతే. ఒకే బండలో చెక్కిన నందికి బయటా రాయే, లోపలా రాయే. మూపురం పగలగొట్టి చూశాక కూడా పక్క ఊరి నంది మీద మీకు నమ్మకం పోదు చూడండి, అదీ భక్తంటే!

పీఠం కింద తవ్వడానికి మాత్రం ఒక ఆధారముంది, ఒప్పుకుంటాం. ప్రతిష్ఠ నాడు విగ్రహం కింద యంత్రపు రేకు పెట్టి, రత్నాల తునకలు, నవధాన్యాలు, లోహపు ముక్కలు వేసే ఆచారం ఉంది. వేసేది పిడికెడు. దానికోసం మీరు లేపేది గర్భగుడి నేలంతా.

గండికోట సంగతే చూద్దాం. 1652లో గోల్కొండ సేనాని, నవాబు మీర్ జుమ్లా ఆ కోట గెలిచిన కొత్తల్లోనే టావెర్నియర్ అనే ఫ్రెంచి నగల వర్తకుడు అక్కడికొచ్చి, చూసింది రాసిపెట్టాడు. నవాబు గుళ్లలోని రాగి విగ్రహాలు పోగు చేయించి, వాటితో ఫిరంగులు పోయమని మాయే అనే ఫ్రెంచివాడికి అప్పగించాడు. కొలిమి పెట్టారు, విగ్రహాలు కరిగించారు. గండికోట గుడిలోని ఆరు పెద్ద విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదట. చివరికి పనికొచ్చే ఫిరంగి ఒక్కటీ తయారు కాలేదు. నవాబు హుకుంతో, పట్టపగలు, ఇంత పద్ధతిగా ఊడ్చుకుపోయిన చోట మీరు సెల్‌ఫోన్ లైటు వేసుకుని వెతుకుతున్నారు.

ఇక గుత్తి కోట. 1776లో దాన్ని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు మైసూరు హైదర్ అలీకి లొంగింది పైన కొండ మీద నీళ్లు అయిపోయి. ఆ రోజుల్లో బిందె నీళ్లకు బిందె బంగారం అడిగినా బేరం కుదిరేదే. మీరేమో పూడిపోయిన కోనేరు చూసి, అడుగున పెట్టె ఉందంటారు.

గోడల మీద మీ పనితనం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఇట్లాంటి కోటగోడల్లో మామూలుగా రెండు వైపులా చెక్కిన రాళ్లుంటాయి, నడుమ మట్టీ రాళ్లముక్కలూ కూరి ఉంటాయి. అడుగు వరసలో మీరొక రాయి లాగితే ఆ రాత్రి ఏమీ కాదు. వానాకాలంలో ఆ సందున నీరు దూరి నడుమ మట్టిని కొంచెం కొంచెంగా తోడేస్తుంది. లోపల డొల్లయ్యాక పై వరసల బరువుకు గోడ బయటికి ఉబ్బి, ఏదో ఒక వానకు కూలుతుంది. అప్పటికి మీరు వేరే కోటలో ఉంటారు. చెడ్డపేరు వానకు.

ఈ మధ్య మీకు మెటల్ డిటెక్టర్ అనే చుట్టం దొరికాడు. నాణెమంతటి వస్తువును అతను అడుగు లోతు దాటితే పట్టలేడు. ఇనుము ఎక్కువున్న రాయి తగిలినా, సోడామూత తగిలినా ఒకే కూత కూస్తాడు. ఆ కూతకు మీరు పది అడుగుల గుంత తీస్తారు. ఒకవేళ నాణెం దొరికిందే అనుకుందాం. ఏ పొరలో, ఏ పెంకుల పక్కన ఉందో తెలిస్తేనే అది చరిత్ర. మీరు పీకాక అది తూకానికి పోయే రాగి.

వజ్రమే కావాలంటే తొలకరికి కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాలకు పోండి. అక్కడ జనం వాన కడిగిన నేలను కళ్లతోనే గాలిస్తారు. అక్కడ గడ్డపారకు పని లేదనేదే మీకు ఇబ్బంది.

కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడాన్ని పాడుచేస్తే 1958 నాటి చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పొలం దున్నుతూ నిధి దొరికినవాడికి వేరే దారి ఉంది. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన ఏ నిధినైనా, ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అని కలెక్టరుకు రాసివ్వాలి. హక్కుదారు ఎవరూ లేరని తేలి, భూమి యజమానితో వేరే ఒప్పందం లేకపోతే, ముప్పాతిక వంతు దొరికినవాడిదే. స్వామికి మాత్రం ఆ చట్టంలో వాటా రాయలేదు. ఈ ముక్క ఆయనకు మీరే చెప్పండి.

ఇట్లు,
కోట చూడటానికి టికెట్టు కొనుక్కుని పగలే వచ్చే కడప జిల్లా జనం