నాలుగొందల ఏళ్లు, యాభై ఏళ్లు: ఆ ఫార్వర్డ్‌లో లెక్క ఎక్కడ తప్పింది?

అమెరికాలో మనవాళ్ల ఎదుగుదల గురించి ఒక మెసేజ్ ఏళ్ల తరబడి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారాంశం ఒకటే. నల్లజాతివాళ్లు అమెరికాలో నాలుగొందల ఏళ్లుగా ఉన్నారు, మనం వెళ్లి యాభై ఏళ్లే అయింది. అయినా ఆ దేశంలో అందరికంటే ఎక్కువ సంపాదిస్తున్నది మనమే, వాళ్లు మాత్రం ఇంకా అడుగునే ఉన్నారు. మనమూ వివక్ష పడ్డాం, ఎనిమిది డాలర్లతో దిగాం. చదువు మీద, కుటుంబం మీద మనకున్న గౌరవం వాళ్లకు లేదు. ప్రభుత్వ సాయం వాళ్లను సోమరుల్ని చేసింది. చివర్లో ఇక్కడి రిజర్వేషన్ల మీద ఒక విసురు కూడా ఉంటుంది.

దీన్ని పంపేవాళ్లలో ఎక్కువమంది పిల్లల్ని కష్టపడి చదివించి, వాళ్ల విజయం చూసి పొంగిపోతున్న అమ్మానాన్నలే. ఆ సంతోషంలో తప్పేమీ లేదు. కానీ దానికోసం ఇంకో జాతి మొత్తాన్ని తక్కువ చేయడం అన్యాయం. పైగా ఆ మెసేజ్ చెప్పే కారణాల్లో ఒక్కటీ నిలబడదు.

ముందుగా, ఆదాయాల అంకెలు నిజమే. 2023లో అక్కడి భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం (సగం కుటుంబాలకు అంతకంటే ఎక్కువ, సగానికి తక్కువ) ఏడాదికి దాదాపు లక్షన్నర డాలర్లు. నల్లజాతి కుటుంబాలది 56 వేల పైచిలుకు. మొత్తం అమెరికాది 80 వేల చిల్లర. తేడా చాలా పెద్దదే, దాన్ని కాదనాల్సిన పని లేదు. ఆ తేడా ఎక్కడ పుట్టిందన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ పోలుస్తున్నది ఎవరినో చూడండి. ఒకవైపు నాలుగున్నర కోట్లు దాటిన ఒక పూర్తి జాతి. అందులో ప్రొఫెసర్లు ఉన్నారు, డ్రైవర్లు ఉన్నారు, పని దొరకనివాళ్లూ ఉన్నారు. రెండోవైపు యాభై లక్షల మంది. వాళ్లలో ఎక్కువమంది ఇండియాలో పుట్టి, ఇక్కడ చదువుకుని, వీసా అనే జల్లెడలో నిలిచి అక్కడికి చేరినవాళ్లు. అమెరికాలోని భారతీయ పెద్దల్లో నలుగురిలో ముగ్గురికి డిగ్రీ ఉంది. 2011 జనాభా లెక్కల నాటికి మన దేశంలో డిగ్రీ చదివినవాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా లేరు. అంటే అక్కడ కనిపిస్తున్నది ఇండియా కాదు, ఇండియాలోంచి ఏరి తీసుకున్న ఒక చిన్న ముక్క.

ఆ ఏరివేత ఎలా జరిగిందో మనకు తెలియనిది కాదు. 1965లో అమెరికా వలస చట్టం మారింది. నిపుణులకు, ఇప్పటికే అక్కడ ఉన్నవాళ్ల బంధువులకు తలుపు తెరుచుకుంది. అదే ఏడాది వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలు మొదలై డాక్టర్ల అవసరం పెరిగింది. గుంటూరు, విశాఖ, హైదరాబాద్, కర్నూలు ప్రభుత్వ కాలేజీల్లో నామమాత్రపు ఫీజుతో ఎంబీబీఎస్ చేసినవాళ్లు విమానం ఎక్కారు. 1990లో విదేశీ నిపుణులకిచ్చే హెచ్-1బీ వీసా వచ్చింది, ఆ దశాబ్దం చివర్లో, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటూకే హడావిడి వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో ఆమోదం పొందిన పది హెచ్-1బీల్లో ఏడు మనవాళ్లవే. డిగ్రీ లేకుండా ఆ వీసా రావడం చాలా అరుదు. డిగ్రీని చూసి లోపలికి రానిచ్చి, లోపలికి వచ్చాక వీళ్లకు డిగ్రీలు ఎక్కువ, సంస్కారం వల్లే అంటే అది కారణం చెప్పినట్టు కాదు.

ఎనిమిది డాలర్ల సంగతీ ఇదే. ఆ మాట అబద్ధం కాదు. అప్పట్లో మన దేశంలో విదేశీ మారకద్రవ్యానికి కటకట. బయటికి వెళ్లేవాళ్లు జేబులో తీసుకెళ్లగలిగే డాలర్ల మీద కఠినమైన పరిమితి ఉండేది. ఆ ఎనిమిది డాలర్లు రిజర్వు బ్యాంకు గీసిన గీత, ఇంటి పేదరికం కాదు. అదే మనిషి సూట్‌కేసులో మెడికల్ డిగ్రీ ఉంది, దాన్ని గుర్తించే పరీక్ష పాసైన కాగితం ఉంది, ఏ ఆసుపత్రిలో ఎప్పుడు చేరాలో చెప్పే ఉత్తరం ఉంది. వెనక ఊళ్లో, చాలామందికి, కాలవ కింద పొలం ఉంది. ఏ కులాల నుంచి, ఏ జిల్లాల నుంచి ఆ తొలి తరం వెళ్లిందో మన పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. గోదావరి, కృష్ణా ఆనకట్టల కింద పండిన భూమి, ఆ పంట డబ్బుతో వచ్చిన కాలేజీ చదువు, ఆ చదువుతో వచ్చిన వీసా. నీళ్లందని పల్లెల్లో భూమి లేని కూలీల పిల్లలు ఆ విమానాల్లో దాదాపు లేరు. కష్టపడకపోవడం వల్ల కాదు.

ఇది నమ్మడం కష్టంగా ఉంటే, సంస్కారం ఒకటే అయి జల్లెడ మాత్రం వేరుగా ఉన్నచోట మన తెలుగువాళ్లకే ఏం జరిగిందో చూడాలి. ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల నుంచి వేలాదిమంది మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటలకు వెళ్లారు. మారిషస్ చెరకు తోటలకు వెళ్లారు. బర్మాలోని రంగూన్ రేవుకి వెళ్లారు. కోరంగి ఓడరేవు నుంచి వచ్చారు కాబట్టి అక్కడ వాళ్ల పేరే కోరంగీలు. రామాయణం వాళ్లకూ తెలుసు. తల్లిదండ్రుల మీద గౌరవం, పిల్లల మీద ఆశ వాళ్లకూ ఉన్నాయి. కానీ వాళ్లను తీసుకెళ్లినవాళ్లు అడిగింది డిగ్రీ కాదు, మూటలు మోసే భుజం. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ల బదులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక బర్మావాళ్లను తీసేసి మళ్లీ మనవాళ్లను పిలిచారు. అక్కడ రాజుకున్న గొడవల్లో వందమందికి పైగా భారతీయులు చనిపోయారు. మలేషియాలో తోటలు చేతులు మారి ముక్కలైనప్పుడు తరాలుగా అక్కడే పనిచేసిన భారతీయ కుటుంబాలు ఇల్లూ పనీ రెండూ పోగొట్టుకున్నాయి. అమెరికాలో కోటీశ్వరుడైన డాక్టరుదీ, మలేషియా తోటలో కూలీదీ ఒకే భాష, ఒకే దేవుళ్లు. ఫలితం మాత్రం ఒకటి కాదు.

మరోవైపు నుంచి కూడా చూడండి. నైజీరియా నుంచి అమెరికాకు వెళ్లినవాళ్లూ నల్లవాళ్లే. వాళ్లలో డిగ్రీ ఉన్నవాళ్లు అరవై శాతం దాటి ఉన్నారు, అమెరికా సగటుకంటే చాలా ఎక్కువ. వాళ్లూ చదువు ఉండి సముద్రం దాటి వచ్చినవాళ్లే మరి. మనల్ని పోల్చాల్సి వస్తే వాళ్లతో పోల్చాలి.

ఇక నాలుగొందల ఏళ్ల మాట. ఆ మెసేజ్‌లో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. నాలుగొందల ఏళ్లు అవకాశం ఇచ్చినా ఏమీ చేసుకోలేకపోయారన్నట్టు రాస్తారు. 1619లో వర్జీనియా తీరానికి తొలి ఆఫ్రికన్లను తెచ్చారు. బానిసత్వం రద్దయింది 1865లో. అంటే మొదటి 246 ఏళ్లు వాళ్లు ఇంకొకరి ఆస్తి. 1740లోనే సౌత్ కరొలైనాలో బానిసకు రాయడం నేర్పితే శిక్ష అని చట్టం చేశారు. 1862లో రాజధాని వాషింగ్టన్‌లో బానిసలను విడుదల చేసినప్పుడు ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది, తలకు 300 డాలర్ల దాకా. ఆ డబ్బు ముట్టింది యజమానులకు! జీవితాంతం ఊడిగం చేసినవాళ్లకు కాదు.

1865 జనవరిలో, అంతర్యుద్ధం ముగుస్తున్న రోజుల్లో, ఉత్తరాది సైన్యాధికారి జనరల్ షెర్మన్ దక్షిణ తీరంలో విముక్తులకు నలభై ఎకరాల చొప్పున భూమి ఇమ్మని ఆదేశించాడు. కొన్ని వేల కుటుంబాలు దిగి దున్నుకోవడం మొదలుపెట్టాయి. ఏడాది తిరగకముందే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూముల్ని పాత యజమానులకు తిప్పి ఇచ్చేశాడు. విముక్తులైన నల్లవాళ్లు పైసా పైసా కూడబెట్టుకున్న ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు 1874లో మూతపడింది. అరవై వేలమందికి పైగా ఖాతాదారులకు చెందిన దాదాపు ముప్పై లక్షల డాలర్లు ఇరుక్కుపోయాయి. ఓక్లహోమాలోని టల్సా నగరంలో సొంతంగా వ్యాపారాలు పెట్టుకుని ఎదిగిన గ్రీన్‌వుడ్ పేటను 1921లో తెల్లమూకలు తగలబెట్టాయి. దాదాపు ముప్పై అయిదు బ్లాకుల మేర (నాలుగు వీధుల మధ్య ఉండే ఇళ్ల వరసను అక్కడ బ్లాకు అంటారు) అంతా బూడిదయింది. కష్టపడితే ఎదుగుతారు అనేవాళ్లు గ్రీన్‌వుడ్ గురించి ఒక్కసారి చదవాలి. అక్కడ కష్టపడ్డారు, ఎదిగారు, అందుకే తగలబెట్టారు.

ఆ తరువాత పని కాగితాల మీద జరిగింది. 1930లలో ప్రభుత్వం ఇంటి అప్పులకు హామీ ఇవ్వడం మొదలుపెట్టింది. అమెరికా మధ్యతరగతి ఆస్తి చాలావరకు అక్కడే పుట్టింది. నల్లవాళ్లు ఉండే పేటలను మ్యాపుల్లో ఎర్ర రంగు వేసి, అక్కడ అప్పు ఇవ్వడం ప్రమాదం అని గుర్తుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన సైనికులకు ఇళ్లు, చదువు, వ్యాపారం కోసం 1944లో జీఐ బిల్లు వచ్చింది. 1947లో మిసిసిపీ రాష్ట్రంలోని పదమూడు నగరాల్లో ఆ పథకం హామీతో ఇచ్చిన అప్పులు 3,229. అందులో నల్ల సైనికులకు దక్కినవి రెండు. ఆ రాష్ట్ర జనాభాలో సగానికి దగ్గరగా నల్లవాళ్లే.

1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం, 1968లో ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టం వచ్చాయి. కాబట్టి చట్టం ముందు సమాన పౌరులుగా నల్లవాళ్లకు దొరికింది అరవై ఏళ్లు. మనవాళ్లు పెద్ద ఎత్తున అక్కడికి వెళ్లడం మొదలై ఎన్నేళ్లయిందో దాదాపు అన్నే. పైగా వాళ్లు ఆ అరవై ఏళ్లనూ ఆస్తి లేకుండా మొదలుపెట్టారు. అమెరికా కేంద్ర బ్యాంకు లెక్క ప్రకారం 2022లో తెల్ల కుటుంబం మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబానిది 44,900. జీతం ఒక తరంలో పెరగొచ్చు. ఆస్తి తాతల నుంచి రావాలి, ఆ తాతలకు అప్పు పుట్టనివ్వలేదు.

మనమూ వివక్ష ఎదుర్కొన్నాం కదా అంటారు. ఎదుర్కొన్నాం, నిజమే. 1907లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో రంపపు మిల్లుల్లో పనిచేసే పంజాబీలను కొట్టి ఊరి నుంచి తరిమేశారు. 1917 చట్టంతో మన వలసలే ఆగిపోయాయి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడుపుకునే వైష్ణోదాస్ బగాయ్ పౌరసత్వం పోగొట్టుకున్నాడు, దాంతోపాటే తన ఆస్తి మీద హక్కూ పోయింది. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. మరి ఆ కాలంలో అమెరికాలోని భారతీయులు అందరికంటే ధనవంతులయ్యారా? సంస్కారం అప్పుడూ ఉంది కదా! పంజాబ్ నుంచి వెళ్లిన దలీప్ సింగ్ సౌంద్ బర్క్‌లీలో గణితంలో పీహెచ్‌డీ చేసి కూడా కాలిఫోర్నియాలో వ్యవసాయం చేసుకుని బతికాడు. 1946లో చట్టం మారి పౌరసత్వానికి దారి దొరికాకే పౌరుడయ్యాడు, 1956లో అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌కు గెలిచాడు. చట్టం మూసినప్పుడు మనమూ కింద పడ్డాం, తెరిచినప్పుడు లేచాం.

తెరిచింది ఎవరో కూడా చెప్పాలి. 1965 మార్చిలో అలబామా రాష్ట్రంలోని సెల్మా వంతెన మీద, ఓటు హక్కు కోసం నడిచిన నల్లజాతి ఉద్యమకారులు పోలీసుల లాఠీలకు తలలు పగలగొట్టించుకున్నారు. ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. అక్టోబర్ 3న, రెండు నెలలు కూడా తిరక్కుండా, అదే అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ప్రభుత్వం వలస చట్టం మీద సంతకం పెట్టింది. జాతిని బట్టి మనిషి విలువ కట్టకూడదన్న మాట అమెరికా చేత ఒప్పించినవాళ్లలో ముందువరసలో ఉన్నది ఈ మెసేజ్ తిడుతున్నవాళ్లే.

చదువు మీద గౌరవం లేదన్న మాటకు నా జవాబు రెండు అంకెలు. 1870లో అమెరికా నల్లవాళ్లలో అక్షరాస్యులు ఇరవై శాతం. 1910కి అది డెబ్బై శాతం అయింది. నలభై ఏళ్లలో, చాలామంది చేతిలో భూమి లేకుండా, బడులు తగలబడుతున్న రోజుల్లో! మన దేశం 1951లో 18 శాతం దగ్గర మొదలై, స్వతంత్ర ప్రభుత్వం ఉండి కూడా, 1991కి చేరింది 52 శాతానికి. అప్పటి ఆంధ్రప్రదేశ్ అయితే 44 దగ్గరే ఉంది. నల్లవాళ్ల చదువు కోసం పెట్టిన విశ్వవిద్యాలయాల్లో ఫిస్క్ 1866లో, హోవార్డ్ 1867లో మొదలయ్యాయి. బానిసత్వం పోయిన రెండేళ్లలోపే. ఇక చదివాక ఏమవుతుందో కూడా చూశారు. షికాగో, బోస్టన్‌లలో ఉద్యోగ ప్రకటనలకు ఇద్దరు ఆర్థికవేత్తలు ఒకేలాంటి రెజ్యూమేలు పంపారు, పేర్లు మాత్రం మార్చారు. తెల్లవాళ్లవిగా అనిపించే ఎమిలీ, గ్రెగ్ లాంటి పేర్లకు లకీషా, జమాల్ లాంటి పేర్లకంటే యాభై శాతం ఎక్కువ ఫోన్లు వచ్చాయి. 2004లో అచ్చయిన ఆ అధ్యయనం చాలామంది చదివిందే.

మిగిలింది ప్రభుత్వ సాయం, రిజర్వేషన్లు. 1935లో అమెరికా ప్రభుత్వం వృద్ధాప్య పింఛను పథకం సోషల్ సెక్యూరిటీ పెట్టినప్పుడు వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనిచేసేవాళ్లను మినహాయించారు. నల్లవాళ్లలో ఎక్కువమంది చేసే పనులు ఆ రెండే. ప్రభుత్వ సాయం పెద్ద ఎత్తున పంచిన కాలంలో వాళ్లు లైను బయట ఉన్నారు.

రిజర్వేషన్ల మాట ఎత్తేవాళ్లకు ఒక సంగతి తెలియాలి. 1970 అమెరికా జనాభా లెక్కల్లో భారతీయులను తెల్లవాళ్ల కింద లెక్కగట్టారు. మాకు వేరే గుర్తింపు కావాలని భారతీయ సంఘాలే అడిగి, 1980 లెక్కల్లో ప్రత్యేక వర్గంగా చేరాయి. ఆ తరువాత, సామాజికంగా వెనకబడిన వర్గాల చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ కాంట్రాక్టులు కేటాయించే పథకంలో మమ్మల్నీ చేర్చండని అర్జీ పెట్టారు. 1982లో చేర్చారు. ఆ పథకం పుట్టింది ప్రధానంగా నల్లజాతివాళ్ల కోసం, వాళ్ల ఉద్యమం ఫలితంగా. దాన్ని అడిగి మరీ అందుకున్న మనం, అదే సాయం వాళ్లను సోమరుల్ని చేసిందని ఏ నోటితో అంటాం?