ముక్కులోంచి పాలొస్తున్నాయని పిల్లని వదిలేయకండి

మా పగ్ కుక్కకి ఐదు పిల్లలు పుడితే అందులో ఒకదానికి తాగిన ప్రతిసారీ ముక్కులోంచి పాలు కారేవి, తుమ్మేది, పొలమారేది, మిగతావి బొద్దుగా అవుతుంటే ఇది మాత్రం పుట్టినప్పుడు ఎంతుందో అంతే. నోరు తెరిచి టార్చ్ వేసి చూస్తే అంగిలి మధ్యలో నిలువునా చీలిక. పక్కింటి పిన్నిగారు చూసి గ్రహణం మొర్రి, తల్లి గ్రహణంలో తిరిగుంటుంది అన్నారు. ఆవిడ మీద నాకేం కోపం లేదు. మొదట తీసుకెళ్ళిన క్లినిక్ మీదే కోపం, రెండు నిమిషాలు చూసి "బతకదండీ, ఇంజక్షన్ ఇచ్చేద్దాం" అన్నారు, దీనికి ఆపరేషన్ ఉందన్న మాటే ఎత్తలేదు!

ఉంది. కాకపోతే వెంటనే చేయరు, మూడు నాలుగు నెలలు ఆగాలి. చిన్నప్పుడు అంగిలి చర్మం మరీ పల్చన, కుట్లు నిలవవు, మత్తు తట్టుకోవడమూ కష్టం. అప్పటిదాకా పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రాకుండా చూసుకోవడమే అసలు యుద్ధం. మేము ట్యూబ్‌తో నేరుగా పొట్టలోకి పట్టాం, మొదట్లో రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా. ట్యూబ్ దారి తప్పితే ప్రాణమే పోతుంది, డాక్టర్ దగ్గర కూర్చుని నేర్చుకోండి, వీడియో చూసి చేయకండి.

ఆపరేషన్‌లో అంగిలి మీది చర్మాన్నే పక్కల నుంచి లేపి, దానికి రక్తం తెచ్చే నాళం తెగకుండా, లాగినట్టు బిగుతు లేకుండా కుట్టాలి. మొదటిసారి చేసేదే గట్టి ఛాన్స్, ఊడితే మచ్చ కట్టిన చర్మంతో రెండోసారి ఇంకా కష్టం, అందుకే ఇంతకుముందు చేసిన సర్జన్ ఎవరో వెతుక్కోండి. మావాడికీ ఓ మూల చిన్న కన్నం మిగిలితే మళ్ళీ కుట్టించాం. తర్వాత కొన్ని వారాలు మెత్తటి తిండే, ఎముక ముక్క లేదు, బొమ్మ లేదు, మెడకి గరాటు లాంటి కోన్.

అన్నీ బతుకుతాయని అనట్లేదు, న్యుమోనియా ముదిరిపోయి ఊపిరాడక బాధపడేదాన్ని సాగనంపడమే దయ. కానీ ఆ నిర్ణయం అన్నీ చెప్పాక మనం తీసుకోవాలి కదా!

పిల్లులున్నవాళ్ళకి ఒక మాట. బాల్కనీలోంచి పడితే వాటి అంగిలి కూడా మధ్యకి చీలొచ్చు, నెట్ కట్టించండి. కడుపుతో ఉన్న పిల్లికి తామరకని గ్రిసియోఫుల్విన్ మాత్రలు అస్సలు వేయకండి, పిల్లలు ఇలాగే పుట్టొచ్చు.

ఇది వంశంలోనూ వస్తుంది, పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల్లో మరీ ఎక్కువ. అందుకే తల్లికీ వీడికీ ఇద్దరికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేశాం. క్రాసింగ్‌కి ఇస్తారా అని ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయి, ఇవ్వను.