ఆ బొరియల్లో కిరోసిన్ పోయకండి

“అనంతపురం జిల్లాలో ప్రాణాంతకమైన కొత్త తేనెటీగ జాతి” అన్న సందేశం మళ్ళీ వచ్చింది. ఈసారి పంపినవాడు బాగా చదువుకున్న మిత్రుడు. “జాగ్రత్త అన్నా, అందరికీ పంపు” అని కింద ఒక మాట కూడా చేర్చాడు. నేను పంపను.

సందేశం చెప్పేది ఇది: ఈ ఈగ వేరుశనగ చేల గట్లలో బొరియలు తవ్వి మొక్కల వేర్లు కొరుకుతుంది, కుడితే మనిషి బతకడు, తేనె ఇవ్వదు కనుక దానితో పనే లేదు, శాస్త్రవేత్తలు పేరు కోసం విషయం దాస్తున్నారు, కనబడిన ప్రతి బొరియలో కిరోసిన్ పోయాలి. ఆఖరున ఐన్‌స్టీన్ బొమ్మ, “తేనెటీగలు పోతే నాలుగేళ్లలో మనిషీ పోతాడు” అన్న మాట.

ఐన్‌స్టీన్ ఆ మాట అన్నట్టు ఆధారం లేదు. అన్నారనే అనుకుందాం. తేనెటీగలు పోతే మనిషి పోతాడని చెబుతూనే వాటి గూళ్లలో కిరోసిన్ పోయమంటారా? రాసినవారు తమ సందేశాన్ని తామైనా చివరిదాకా చదివారా?

ఇక ఫోటో. నల్లటి ఒళ్లు, ఊదారంగు మెరుపున్న రెక్కలు. అది తుమ్మెద. ఎండు కర్రను, ఇంటి దూలాన్ని తొలిచి గూడు కట్టుకునే ఈగను చూపించి గట్టు తవ్వుతోందంటున్నారు. కుడితే చస్తారన్నదీ ఇలాంటిదే. తుమ్మెదా, మట్టిలో బొరియ తవ్వే ఈగలూ ఒంటరి తేనెటీగలు, అంటే గుంపుగా కాక ఒక్కో ఆడది తన గూడు తానే కట్టుకునేవి; వాటికి కాపాడుకోవలసిన తుట్టె ఉండదు, కాబట్టి మీద పడి కుట్టవు. చేత్తో నలిపితే ఆడది కుడుతుంది. మగదానికి ముల్లే లేదు. తేనెటీగ విషం ఒంటికి పడనివారు మాత్రం ఏ ఈగతోనైనా జాగ్రత్తగా ఉండాలి.

నాకు నిజంగా కోపం తెప్పించింది కిరోసిన్ మాట. వేరుశనగ వేర్లు తినేది వేరు పురుగు, అంటే పెంకు పురుగు పిల్ల. తేనెటీగ పిల్లకు వేరు అక్కర్లేదు. తల్లి ఒక్కతే మట్టి తవ్వి, చిన్న చిన్న అరలు చేసి, ఒక్కో అరలో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెట్టి, దానిమీద గుడ్డు పెట్టి మూసేస్తుంది. పిల్ల ఎదిగి బయటికి వచ్చేసరికి చాలా జాతుల్లో తల్లి బతికి ఉండదు. అంటే ఆ బొరియలో ఉన్నది వచ్చే తరం మొత్తం. కిరోసిన్ పోస్తే పోయేది అదే; వేరు పురుగు మాత్రం చేలో హాయిగా ఉంటుంది. తేనె ఇవ్వదు, నిజమే. కానీ వంగ పువ్వులో పుప్పొడి దాని తిత్తి కొనన ఉన్న సన్నని రంధ్రం గుండానే బయటికి రావాలి. నీలి చారల ఈగ అనే ఒంటరి తేనెటీగ పువ్వును పట్టుకుని ఒళ్లంతా అదిరించి ఆ పుప్పొడిని రాలుస్తుంది. మనం పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఆ విద్య రాదు. ఆ నీలి చారల ఈగ గూడు కట్టేదీ మట్టిలోనే.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఆ బొరియల్లో ఉన్నది నిజంగానే కొత్త జాతి కావచ్చు. ప్రపంచంలో ఇప్పటికి పేరు పెట్టిన తేనెటీగలు 20,000కు పైగా ఉన్నాయి, వాటిలో అత్యధికం ఒంటరివే. పేరు పెట్టనివి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. మన గట్లమీద ఒకటి ఉంటే ఆశ్చర్యం లేదు. కానీ అది ఫోన్ ఫోటోతో తేలే సంగతి కాదు. ఈగను సూదికి గుచ్చి, దొరికిన చోటు, తేదీ రాసి, రెక్కల ఈనెల గళ్లు, ముఖం మీది గుంటలు, మగదాని జననాంగాల ఆకారం సూక్ష్మదర్శినిలో చూడాలి. 1897లో బింగ్‌హామ్ అనే కీటక శాస్త్రవేత్త మన దేశపు కందిరీగలు, తేనెటీగల మీద రాసిన సంపుటం దగ్గర మొదలుపెట్టి, ఆ తరువాత వచ్చిన వర్ణనలన్నీ తిరగేయాలి. అవసరమైతే లండన్ సహజ చరిత్ర మ్యూజియంలో ఉన్న మూల నమూనాలతో, అంటే ఒక జాతికి మొదట పేరు పెట్టినప్పుడు ఆధారంగా దాచిన ఈగలతో, పోల్చాలి. ఒకే జాతిలో ఆడది ఒకలా, మగది ఒకలా ఉండటం వల్ల ఒకే ఈగకు రెండు పేర్లు పెట్టిన సందర్భాలు ఈ శాస్త్ర చరిత్రలో ఎన్నో. 2003 నుంచి డీఎన్ఏ బార్‌కోడ్, అంటే డీఎన్ఏలో ఒక చిన్న ముక్కను చదివి జాతిని గుర్తించే పద్ధతి, తోడయింది. అది సాయమే, తీర్పు కాదు. ఇంత పనీ చేసి ప్రచురిస్తేనే పేరు చెల్లుతుంది. అలాంటప్పుడు దాచిపెట్టినవాడికి పేరెలా వస్తుంది? పైగా కొత్త జాతికి తన పేరే తగిలించుకోవడం ఈ రంగంలో సిగ్గుచేటు.

గట్టు మీద బొరియలు కనబడితే ఆ మూర మేర దున్నకుండా, మందు కొట్టకుండా వదిలేయండి. అక్కడే చచ్చిపడిన ఈగ దొరికితే అగ్గిపెట్టెలో దూది వేసి పెట్టి, ఊరు, తేదీ, ఏ పువ్వు దగ్గరో కాగితం మీద రాసి నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనో, దగ్గరి వ్యవసాయ కళాశాలలోనో కీటక శాస్త్రం చెప్పేవారికి ఇవ్వండి. ఆ కాగితం లేని ఈగతో వారు చేయగలిగింది చాలా తక్కువ.