కీలు చివరి అంచు గారికి, ఇల్లు ఖాళీ చేయమని

శ్రీయుత చివరి అంచు గారికి,

నమస్కారాలు. మోకాలు వెనక్కి వంగి ఇక వంగలేనని ఆగే చోట, మోచెయ్యి నిటారు దాటి విల్లులా తిరిగే చోట తమరి కాపురం. అందరి కీళ్ళలోనూ తమకు ఒక గది ఉంటుంది. వదులు కీళ్ళవాళ్ళ ఇంట్లో మాత్రం వసారా, పెరడు కూడా కలిపేసుకున్నారు. అద్దె కట్టరు సరికదా, "అబ్బ, ఎంత బాగా వంగుతున్నావో!" అని చుట్టాల చేత చప్పట్లు కూడా కొట్టిస్తారు.

తమరి ఆక్రమణను కొలవడానికి 1973 నుంచి బైటన్ స్కోరు అనే పరీక్ష ఉంది. చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటితే చేతికొక మార్కు, బొటనవేలు ముంజేతికి తగిలితే చేతికొకటి. మోచేతులు, మోకాళ్ళు వెనక్కి 10 డిగ్రీలు మించితే ఒక్కోదానికి ఒకటి. మోకాళ్ళు వంచకుండా అరచేతులు నేలకు ఆనిస్తే ఇంకొకటి. మొత్తం 9. వదులు కీళ్ళ ఎలర్స్-డాన్లోస్ అనే పుట్టు జబ్బును గుర్తించడానికి 2017లో పెట్టిన ప్రమాణాల్లో 50 ఏళ్ళ లోపు పెద్దవాళ్ళకు 5, ఆ పైబడినవాళ్ళకు 4 గీత. 9 వచ్చినవాళ్ళు ఫస్టు ర్యాంకు కొట్టినట్టు మురిసిపోతారు. నొప్పి ఉందో లేదో ఆ స్కోరు చెప్పదు. భుజం, తుంటి, చీలమండ, దవడ అసలు లెక్కలోకే రావు. అక్కడి కబ్జాలు తమరు గుట్టుగా నడుపుకోవచ్చు.

తమరి మాయ చిన్నదే. మనిషి తమరి దగ్గరికి చేరగానే కండరాలు పని మానేస్తాయి, బరువంతా లిగమెంట్ల మీద, అంటే ఎముకను ఎముకకు కట్టే పట్టీల మీద, వేలాడుతుంది. వ్యాయామంతో కండరం బలపడుతుంది కానీ, సాగిన లిగమెంటు మళ్ళీ పొట్టిది కాదు. ఆ వదులును కాయడానికి చుట్టూ ఉన్న కండరాలు రాత్రింబగళ్ళు కాపలా కాసి బిగుసుకుంటాయి. మనిషికి "పట్టేసింది" అనిపిస్తుంది. వెంటనే స్ట్రెచింగ్ మొదలెడతాడు. అంటే, ఓవర్‌టైమ్ చేస్తున్న కాపలావాడిని బయటికి గెంటి దొంగకు తాళాలివ్వడమన్నమాట! అరచేతులు నేలకు ఆనినా తొడ వెనక ఇంకా బిగువుగానే ఉందంటే అక్కడ సాగాల్సిందేమీ లేదు, బలపడాల్సింది ఉంది.

కాబట్టి ఇకపై వదులు కీళ్ళవాళ్ళకు నిలబడేటప్పుడు తమరి సాయం అక్కర్లేదు. మడమ, బొటనవేలి మొదలు, చిటికెన వేలి మొదలు, ఈ మూడింటి మీదా బరువు పంచి, పక్కవాడికి కూడా తెలియనంతగా, వెనక్కి బిగిసిన మోకాలి తాళం వదులుతారు. మొదట్లో అద్దం ముందు పక్కకు తిరిగి చూసుకోవాలి. కీలు ఎక్కడుందో కళ్ళు మూసుకుని తెలుసుకునే శక్తి వీళ్ళలో చాలామందికి తక్కువ. తిన్నగా ఉన్న మోకాలు వాళ్ళకు వంగినట్టే అనిపిస్తుంది.

వ్యాయామం కదలకుండా బిగించి పట్టడంతో మొదలు. వీపు గోడకు ఆనించి, పాదాలు ఒక అడుగు ముందు పెట్టి, మోకాళ్ళు 30-40 డిగ్రీలు వంగేలా జారి 10 సెకన్లు ఆగాలి. ఇలా 5 సార్లు. వెల్లకిలా పడుకుని తుంటి పైకెత్తడం, గోడ మీద వేళ్ళు ఆనించి మడమలెత్తడం, గోడ పుషప్పులు తర్వాత. 3 సెకన్లు దిగడం, 3 సెకన్లు ఎక్కడం. మోచెయ్యి నిటారు కాకముందే ఆగాలి. వారంలో 3 రోజులు చాలు. ముందు సార్లు పెంచాలి, 2 వారాలు నిలదొక్కుకున్నాకే బరువు. రెండూ ఒకేసారి పెంచితే తమరికే పండగ. రబ్బరు బ్యాండు తమరి ఏజెంటని తెలుసు. చివర్లోనే ఎక్కువ లాగుతుంది, అజాగ్రత్తగా వదిలితే కీలును విసురుగా వెనక్కి గుంజుతుంది. ఈతలో కూడా కప్పలా కాళ్ళు తన్నితే మోకాలు పక్కకు మెలిపడుతుంది. వెల్లకిలా ఈదడం కొంత నయం, అదీ భుజం జారే అలవాటు లేకపోతే.

తమరి రెండో ఆయుధం మంచి రోజు. ఒళ్ళు తేలిగ్గా ఉందని నెల పనంతా ఒక్క పూటలో చేయించి 3 రోజులు మంచం ఎక్కిస్తారు. అందుకే లెక్క మర్నాడు చూస్తాం. నొప్పి పెరిగి 24 గంటల్లో సర్దుకోకపోతే తర్వాతిసారి సగమే. లేవగానే కళ్ళు తిరిగి గుండె దడదడలాడేవాళ్ళు పడుకుని చేసే వాటితోనే మొదలెట్టి, లేచేటప్పుడు కాసేపు కూర్చుని లేవాలి. డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి కూడా.

మిగతా చిల్లర ఆస్తులు కూడా జప్తే. లావు పెన్ను పట్టడం, సంచి రెండు భుజాలకూ వేయడం, అరగంటకోసారి కూర్చున్న తీరు మార్చడం, బరువైన గిన్నెను వేళ్ళ కొసలతో కాక రెండు అరచేతులతో కింద నుంచి ఎత్తడం.

కీలు తప్పినా, తిమ్మిరి వదలకపోయినా, చెయ్యో కాలో పట్టు జారినా వ్యవహారం డాక్టరుతోనే. పక్కింటి నిపుణుల చేత లాగించబోము.

బైటన్ పరీక్ష రోజున కబురు పెడతాం. వచ్చి, డిగ్రీలు కొలిపించుకుని, టీ కోసం ఆగకుండా వెళ్ళిపోండి.

ఇట్లు,
వదులు కీళ్ళ ఇంటివాళ్ళ తరఫున

తా.క. విందుల్లో బొటనవేలు విన్యాసాలకు కూడా ఇకపై అనుమతి లేదు, పిల్లలు ఎంత బతిమాలినా సరే.