మావయ్య వాయిదా

పెన్షను కేసులు సర్కారు ఉద్యోగుల తగాదాలు తేల్చే ట్రిబ్యునళ్ళలో ఏళ్ళ తరబడి నానుతున్నాయని గోల పెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఆ వాయిదాలే లేకపోతే మా కోనసీమ పెద్దాళ్ళకి ఊళ్ళు తిరిగే యోగం ఎక్కడిదండి?

మా మావయ్యనే తీసుకోండి. ఓ కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో 33 ఏళ్ళు చాకిరీ చేసి దిగాక, పాత సర్వీసు కొంత లెక్కలోకి రాదని పెన్షను తగ్గించారు. కేసు వేసి తొమ్మిదేళ్ళు. వాయిదా ఉందంటే అమలాపురంలో బస్సు, రాజమండ్రిలో రాత్రి గౌతమి రైలు, పొద్దున్నే హైదరాబాదు. ఒళ్ళోంచి దించని ఆ గుడ్డసంచిలో సర్వీసు రిజిస్టరు జెరాక్సులు, బీపీ బిళ్ళలు, అత్తయ్య కట్టిన పులిహోర, ప్లీడరుగారికి ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. పులిహోర అయిపోతుంది గానీ కాజ్‌లిస్టులో, అంటే ఆ రోజు కేసుల జాబితాలో, 47వ నంబరు దాకా రాదు. వచ్చిన రోజున అవతలి వకీలు కౌంటరుకి, అంటే రాతపూర్వక జవాబుకి, టైమడుగుతాడు. ఓసారైతే బెంచిలో ఇద్దరుండాల్సింది ఒక్కరే ఉన్నారని అందరూ మర్యాదగా లేచి వచ్చేశారట.

“ఏమైంది మావయ్యా?” అంటే, “సంక్రాంతి తర్వాతకి పడిందిరా అబ్బాయ్” అంటాడు. ఏ సంక్రాంతో చెప్పడు.

గిట్టనివాళ్ళు కాటన్ దొరని లాక్కొస్తారు, 1847లో మొదలెట్టి 1852 కల్లా ధవళేశ్వరం దగ్గర గోదారికే ఆనకట్ట కట్టేశాడని. నిజమేనండి, కానీ గోదారి కౌంటరు వేయలేదు కదా.

చట్టం కూడా ఎంతో ముందుచూపుతో రాశారు. 1985 నాటి పరిపాలనా ట్రిబ్యునళ్ళ చట్టం ప్రకారం ఆఖరి ఉత్తర్వు చేతికొచ్చిన ఏడాదిలోపు మనం కేసు వేసేయాలి, లేటయితే ఎందుకైందో సంజాయిషీ చెప్పుకోవాలి. తీర్పు సంగతో? ‘వీలైనంత త్వరగా’. ఎవరి వీలు అని అడక్కండి, బాగోదు. పెన్షనంటే సర్కారు దయతలిచి వేసే ముష్టి కాదని సుప్రీంకోర్టు 1982లోనే నకారా అనే పెన్షనరు వేసిన కేసులో తేల్చేసింది. ఆ తీర్పు వచ్చిన డిసెంబరు 17న ఏటా పెన్షనర్లు ఆ ముక్క తలుచుకుని, ఒకళ్ళకొకళ్ళు శాలువాలు కప్పుకుని, టీ తాగి వెళ్ళిపోతారు.

సర్కారుకి మన ఆయుష్షు మీద గొప్ప నమ్మకం. 80 నిండితే బేసిక్ పెన్షను మీద 20 శాతం అదనం, నూరు నిండితే నూరు శాతం. మావయ్యకి 71, నవంబరు వచ్చిందంటే బతికున్నానని సర్టిఫికెట్ ఇచ్చొస్తాడు. ట్రిబ్యునలుకి ఆ బెంగ కూడా లేదు. కేసు వేసినాయన పోతే 90 రోజుల్లో వారసులు కాగితం పెట్టుకోవాలి, లేదా కేసు గోదాట్లో కొట్టుకుపోయినట్టే. లేటయితే అక్కడా సంజాయిషీ చెప్పుకోవాల్సిందే.

ఆ కాగితం ఎవరిచేత రాయించాలని అత్తయ్య మొన్న నన్ను పెరట్లోకి పిలిచి మెల్లిగా అడిగింది.